మణికట్టు దాటని మచ్చు

తూబా జైనద్దీనీ అంటే ఆ ఊళ్ళో ఎవరికీ పడదు. ఆమెకీ ఎవరూ పడరు కనక లెక్క సరిపోయిందనేవారు. రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడితే, ముందున్న మనిషి మర్యాదకి "మీరు కానివ్వండి టీచరమ్మా" అంటాడు. అక్కడ అందరూ అంటారు. అవతలివాళ్ళు అబ్బే అంటారు, ఇవతలివాళ్ళు మళ్ళీ అంటారు, మూడుసార్లు అలా అయ్యాక ఎవరి వరసలో వాళ్ళు నిలబడతారు. తూబా మాత్రం మొదటిసారికే "సరే" అని ముందుకెళ్ళి, రెండు రొట్టెలు తీసుకుని కుంటుకుంటూ వెళ్ళిపోయేది. వెనక మిగిలినవాళ్ళ మొహాలు పొయ్యిలో మరిచిపోయిన రొట్టెల్లా అయ్యేవి.

రఫ్సంజాన్ నుంచి ఎడారివైపు పోయే రోడ్డు మీద ఊరది. పిస్తా తప్ప ఇంకో ఊసు లేదు. అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో ఆమె ఇరవయ్యేడేళ్ళుగా లెక్కలు చెబుతోంది. యాభై మూడేళ్ళ మనిషి. ఎడమ మోకాలు అరిగిపోయింది కానీ గొంతు అరగలేదు. పదకొండో తరగతిలో గణితం శాఖ ఉందంటే ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగి, పోట్లాడి తెచ్చుకోబట్టే. ఏటా శరదృతువులో, ఆబాన్ నెలాఖరు శనివారం విద్యాశాఖ నుంచి ఒక మనిషి వచ్చి పిల్లల్ని లెక్కపెడతాడు. పన్నెండుమంది కనబడితే శాఖ నడుస్తుంది. పదకొండుమందే ఉంటే ఆ రోజే మూసేసి, ఉన్నవాళ్ళని సాహిత్యం శాఖలోకి తోలేస్తారు. ఆడపిల్లని పట్నంలో ఉంచి లెక్కలు చదివించే ఇల్లు ఆ ఊళ్ళో ఒకటుంటే గొప్ప.

ఆ ఏడు పద్నాలుగుమంది చేరారు. ఈసారి ఇద్దరు మిగులు అని ప్రిన్సిపాల్ సంబరపడితే, "జ్వరాలకి పనికొస్తారు" అంది తూబా.

మచ్చు తీయడం గురించిన పాఠం పుస్తకంలో చిట్టచివర ఉంటుంది. వసంతంలో చెప్పాలి. తూబా దాన్ని శరదృతువుకి లాక్కొచ్చేది, అప్పుడైతే ఇళ్ళ నిండా బస్తాలుంటాయని. పుస్తకంలో ఏదో బల్బుల ఫ్యాక్టరీ ఉదాహరణ ఇచ్చారు. బల్బుల ఫ్యాక్టరీ ఎవరైనా చూశారా అని అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదు. ఆ పేజీ మూసేయమంది.

చివరి బెంచీలో తాహెరె అని ఎడమచేతి వాటం పిల్ల ఉండేది. అడిగిన దానికంటే అడగని దానికి తొందరగా జవాబు చెప్పే రకం. తూబా ఎవర్నీ మెచ్చుకోదు కానీ తాహెరె నోటుబుక్కు దిద్దేటప్పుడు మాత్రం ఎర్ర పెన్ను పక్కన పెట్టి ఊరికే చదివేది. ఆ పిల్ల తండ్రి మష్ రజబ్‌కి ఇరవై మైళ్ళ అవతల చిన్న తోట ఉంది. అమ్మడానికి తీసుకెళ్ళే సరుకులోంచి ఒక బస్తా దారిలో బడి దగ్గర దింపి, మర్నాడు తీసుకుపోతానని ఒప్పుకున్నాడు. ఒక్క గింజ తగ్గినా మీ టీచర్నే కాటాలో వేస్తానన్నాడట.

నీలి పికప్ బండి మట్టిరోడ్డు మీద ఎగిరెగిరి వచ్చి బస్తా దింపింది. తూబా దాని మూతి విప్పించి, ఒక్కొక్కరూ వచ్చి పైనుంచి పిడికెడు తీసి, అందులో యాభై గింజలు లెక్కపెట్టి, ఎన్ని తాలో చెప్పి, మళ్ళీ బస్తాలో పోసేయమంది. గింజ అరచేతిలో దొర్లిస్తే తాలో గట్టిదో చెప్పడం ఆ పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. యాభైకి తొమ్మిది తాలు అంది ఒకతె. పది అంది ఇంకొకతె. ఏడు, పదకొండు, తొమ్మిది. ఒక్కొక్కరూ నాలుగేసి సార్లు తీశారు. గోడకి అంటించిన గోధుమరంగు కాగితం మీద అడుగున అంకెలు వేయించి, ప్రతి పిడికిలికీ ఒక పిస్తా పెంకు ఆ అంకె పైన జిగురుతో అతికించమంది. యాభై ఆరు పెంకులు తొమ్మిది దగ్గర ఎత్తుగా, అటూ ఇటూ పల్చగా కుప్పలా నిలబడ్డాయి.

తర్వాత బస్తా మొత్తం నేల మీద గుడ్డపై కుమ్మరించి, పారతో నాలుగుసార్లు తిరగేసి కలిపించి, ఈసారి కుప్పలో ఎక్కడపడితే అక్కడ్నుంచి తీయించింది. ఇంకో కాగితం, ఇంకో యాభై ఆరు పెంకులు. ఈ కుప్ప నాలుగూ అయిదూ దగ్గర కూర్చుంది.

పిల్లలు ఒక కాగితం చూశారు, రెండోది చూశారు. బస్తా ఒకటే కదా అని ఎవరో గొణిగారు.

తూబా కర్ర తీసుకుని రెండు కాగితాల మీదా ఒక్కో దెబ్బ వేసింది. "ఒక పిడికిలికీ ఇంకో పిడికిలికీ తేడా వస్తుంది. కుప్ప ఎంత వెడల్పుందో, అది మీ అదృష్టం, దాన్నేం అనక్కర్లేదు. ఎక్కువ గింజలు తీస్తే సన్నబడుతుంది. కుప్ప ఎక్కడ కూర్చుందో, అది మీ చెయ్యి. చెయ్యి తప్పు చోట పెట్టి వెయ్యిసార్లు తీసినా అబద్ధం సన్నబడుతుందే గానీ నిజం కాదు."

ముందు బెంచీలో కూర్చున్న మాహ్‌రుఖ్ లేచి నిలబడింది. ఊళ్ళో పెద్ద గోదాము హాజ్ ఖుద్రత్‌ది. ఈ పిల్ల ఆయన కూతురు. "మా నాన్న పైనుంచే తీస్తారు ఖానుమ్," అంది. తప్పు పట్టి అనలేదు, తెలిసింది చెప్పింది.

తరగతిలో మిగతా పదమూడుమందీ ఆమెవైపు తిరిగారు.

ఆ ఊళ్ళో పిస్తా అమ్మకం అలాగే జరిగేది. అమ్మేవాడు బస్తా మూతి విప్పుతాడు. కొనేవాడు పైనుంచి ఒక్క పిడికెడు తీస్తాడు, చెయ్యి మణికట్టు దాటి లోపలికి పోనివ్వడు. అంతకంటే లోతుకి పోతే, అడుగున ఏం దాచావో చూస్తానన్నట్టే. అలా చేసిన పరాయి వర్తకుడి మీద తోటలవాళ్ళు ఒకప్పుడు కర్రలెత్తారని చెప్పుకునేవారు. తాలు ఎంతుంటే ధర అంత తగ్గుతుంది. ఆ పిడికిలి తీసే పని ముప్పై ఏళ్ళు చేసింది తూబా తండ్రి యదుల్లా, హాజ్ ఖుద్రత్ తండ్రి దగ్గర. చేతికి గడియారం పెట్టుకునేవాడు, దాని అద్దం గింజలకి తగలకూడదని ఆయన నియమం. చిన్నప్పుడు తూబా బస్తాల మధ్య కూర్చుని ఆ చెయ్యి దిగడం, ఆగడం చూస్తూ పెరిగింది.

మూడో రోజు హాజ్ ఖుద్రత్ బడికి వచ్చాడు. తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షుడాయన. బడిలో గదులు వేడెక్కించే పొయ్యిలు ఆయన పెట్టించినవే. తరగతి గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గోడవైపు చూశాడు.

"ఏంటి టీచరమ్మా ఈ చెత్త?"

"పిస్తా పెంకులు హాజీ. మీకు తెలియనివా?"

కాగితాలు పీకేయమన్నాడు. పాఠం అయిపోయాక పీకుతానంది. ఎప్పుడవుతుందన్నాడు. పిల్లలకి అర్థమైనప్పుడు అంది. ఆయన జపం చేసుకునే తస్బీహ్ పూసలు చేతిలోంచి జేబులోకి పోయాయి.

"మీ నాన్న ముప్పై ఏళ్ళు మా గోదాములో మచ్చు తీశాడు. తోటలవాళ్ళు ఆయన చేతిమీద ఒట్టేసేవారు. ఇప్పుడు మీరు ఆ చెయ్యి దొంగ చెయ్యంటున్నారు. అనండి, తప్పులేదు. ఆయన పేరు కూడా రాసి అంటించండి మరి."

తూబాకి ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, వేళ్ళు దులుపుకుంది.

"చెయ్యి దొంగదని నేననలేదు హాజీ. ఎక్కడ ఆగిందో చెప్పాను."

మర్నాడు మాహ్‌రుఖ్ బడికి రాలేదు. పదమూడు.

అక్కడితో ఆగితే తూబాకి ఇబ్బంది లేదు. హాజీతో పోట్లాట ఆమెకి ఒంటికి పడే పోట్లాటే. కానీ తర్వాతి వారంలో నలుగురు పిల్లలు మానేశారు, ఆ నలుగురూ తోటలవాళ్ళ పిల్లలే. బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టాలని టీచరు పిల్లలకి నేర్పిందన్న మాట ఊరంతా పాకింది. టీ కొట్టు చేరేసరికి, తోటలవాళ్ళంతా అడుగున రాళ్ళు పోస్తారందట అని మారింది. పైపిడికిలి వల్ల ఎవరి ధర తగ్గిపోతోందో, వాళ్ళే ఆమెని తిట్టారు. మష్ రజబ్ మాత్రం ఇంకా పిల్లని మాన్పించలేదు. మాన్పించమని భార్య గౌహర్ రోజూ పోరుతోందని తాహెరె నవ్వుతూ చెప్పింది.

తొమ్మిదిమంది మిగిలారు. శనివారానికి ఇంకా పన్నెండు రోజులుంది. ప్రిన్సిపాల్ కాళ్ళావేళ్ళా పడింది. హాజీ ఒక దారి చెప్పాడంది. తల్లిదండ్రుల సమావేశంలో టీచరు లేచి, పైనుంచి తీసిన పిడికిలి సరైందేనని ఒక్క ముక్క అంటే చాలు, అందరూ తిరిగొస్తారు. తొమ్మిదిమంది పిల్లల చదువు ఒక వైపు, కాగితం ముక్క ఒక వైపు, ఏది బరువో నువ్వే తూచుకో అంది. తూబా సమావేశం పెట్టించమంది. ఒప్పుకుందనుకుని ప్రిన్సిపాల్ ఆ రోజు స్టాఫు గదిలో అందరికీ టీ పోయించింది.

సమావేశానికి మగవాళ్ళు వస్తారని హాజీ లెక్క వేసుకున్నాడు. ఆడపిల్లల బడి సమావేశాలకి తల్లులే వస్తారన్న సంగతి ఆయనకి తెలియదు, ఎప్పుడూ ప్రిన్సిపాల్ గదిలోనే పావుగంట కూర్చుని వెళ్ళిపోయేవాడు. ఆ రోజు హాలు నిండా చాదర్లు కప్పుకున్న ఆడవాళ్ళు. వాళ్ళ చూపులకి పొయ్యి లేకుండానే గది వేడెక్కేలా ఉంది. అందరికంటే ముందు గౌహర్ లేచింది.

"మా ఆయన్ని దొంగన్నావంట. ఆ మాట నా మొహం మీద అను, వింటాను."

తూబా బల్ల కింద నుంచి వెడల్పాటి రాగి పళ్ళెం తీసి, అందులో ఏరని పిస్తా రెండు కిలోలు పోసి ఆమె ముందు పెట్టింది. "తాలు ఏరి పెట్టు గౌహర్. తర్వాత అంటాను."

గౌహర్‌కి ఒళ్ళు మండింది. అయినా పళ్ళెం ఎదురుగా ఉంటే చేతులు ఊరుకోలేదు. రెండు అంచులూ పట్టుకుని, పప్పు బాగుచేసేటప్పుడు ఆడించినట్టే నాలుగుసార్లు ఆడించింది. తేలిక గింజలు పైకొచ్చి ఒక పక్కకి చేరాయి. అరచేతి అంచుతో వాటిని పక్కకి తోసింది. తోసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

 ఆ పని హాల్లో ఉన్నవాళ్ళంతా పెళ్ళికి ముందునుంచీ రోజూ చేస్తున్నదే. బస్తాల పని మగవాళ్ళది. పళ్ళేనికీ బస్తాకీ చుట్టరికం ఉందని అటు ఆడవాళ్ళకి గానీ ఇటు మగవాళ్ళకి గానీ తోచలేదు.

వెనక నుంచి ఒక ముసలావిడ గొంతు వినబడింది. "ఇరవై మైళ్ళు ఆ మట్టిరోడ్డు మీద. పళ్ళెం ఆడించినట్టే కదే."

హాజ్ ఖుద్రత్ అప్పటికే లేచి వెళ్ళిపోయాడు. గౌహర్ పళ్ళెం వెనక్కి నెట్టి, తూబాకేసి చూడకుండా కూర్చుంది. క్షమించమని ఎవరూ అనలేదు, బాగా చెప్పావనీ అనలేదు. కానీ మర్నాటికి నలుగురు పిల్లలూ తిరిగొచ్చారు. పదమూడు.

తూబాకి ఇంటికి వెళ్ళాక ఆ పళ్ళెమే కళ్ళముందు ఆడింది. తల్లి కూడా అలాగే ఆడించేది, తండ్రి ఎదురుగా కూర్చుని అన్నం తినేవాడు. ఆయన ఏనాడైనా తలెత్తి చూశాడా అన్నది ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

ఆ తర్వాతి సోమవారం తాహెరె తరగతిలోకి వస్తూనే కిసుక్కున నవ్వింది. మష్ రజబ్ ఇంటి నుంచి టీచరుకి కానుకగా ఒక బస్తా పిస్తా వచ్చింది. వద్దు వద్దని మూడుసార్లు అనాల్సిన చోట తూబా "సరే, ఆ మూల పెట్టు" అంది. కానుక ఎందుకంటే, తోటలవాళ్ళ సరుకు ఇప్పుడు మంచి ధరకి పోతోంది. అడుగు సరుకు చూడ్డానికని బస్తాలోకి ఎవరూ గొట్టాలు గుచ్చలేదు, ఎవరి మర్యాదా పోలేదు. గోదాము ముందు బండి ఆపి దించేటప్పుడు బస్తాలు తలకిందులు చేసి దించుతున్నారు, అంతే. మూతి కిందికి పోతుంది, అడుగు కుట్టు పైకొస్తుంది. కుట్టు విప్పి, కానివ్వండి హాజీ, పిడికెడు తీయండి అంటున్నారు. ఆయన చెయ్యి మణికట్టు దాటదు. అడుగున ఉన్న గట్టి గింజలే చేతికొస్తున్నాయి.

పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. "హాజీ మొహం చూడాలి ఖానుమ్," అంది తాహెరె.

తూబా నవ్వలేదు. మూల ఉన్న బస్తాకేసి చూసింది. శనివారానికి అయిదు రోజులుంది. పదమూడుమంది ఉన్నారు. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. ఊరుకుంటే ఊరంతటిలో మొదటిసారి ఆమె పేరు మంచిగా పలికేవాళ్ళు మిగులుతారు. మంగళవారం గోధుమరంగు కాగితం ఇంకోటి తెచ్చింది.

"బస్తా తిరగేయండి," అంది.

పిల్లలకి అర్థమవడానికి క్షణం పట్టింది. తాహెరెకి అందరికంటే ముందు అర్థమైంది, అందుకే అందరికంటే నెమ్మదిగా లేచింది. కుట్టు విప్పి పిడికిళ్ళు తీశారు. యాభైకి ఒకటి, రెండు, రెండు, ఏమీ లేవు, మూడు. మూడో కాగితం మీద కుప్ప రెండు దగ్గర కూర్చుంది.

"ఇది మా నాన్న కానుకగా ఇచ్చిన బస్తా," అంది తాహెరె.

"తెలుసు. ఇది కూడా అబద్ధమే. కాకపోతే అటువైపు అబద్ధం. పెంకులు అతికించు."

తాహెరె అతికించింది. ఎడమ చేత్తో, ఒక్కొక్కటీ వరస తప్పకుండా.

బుధవారం గౌహర్ తరగతి గుమ్మంలో నిలబడింది. తలుపు కొట్టలేదు. "నీ మాట వినే కదా బస్తా తిప్పాం. ఇప్పుడు మళ్ళీ మమ్మల్నే దొంగలని గోడకెక్కిస్తావా?"

"తిప్పమని నేననలేదు. కలపమన్నాను."

"మేం పెట్టిన పిస్తా తిని మా మీదే."

"ఒక్క గింజ తినలేదు. అంతా ఆ బస్తాలోనే ఉంది, లెక్కపెట్టుకుని తీసుకుపో."

గౌహర్ కూతురి చెయ్యి పట్టుకుంది. దారిలో ఆడపడుచు కూతుర్ని కూడా లేపింది. వాళ్ళిద్దరూ ఆ పూటే సాహిత్యం శాఖకి మారిపోయారు. తాహెరె పుస్తకాల సంచీ సర్దుకుంటూ ఏదో అనబోయి, తల్లి చెయ్యి బిగించేసరికి మానేసింది. ఆమె నోటుబుక్కు దిద్దడానికని తీసుకున్నది తూబా బల్ల మీదే ఉండిపోయింది.

పదకొండు. ప్రిన్సిపాల్ ఈసారి బతిమాలలేదు. చేజేతులా చేసుకున్నావని మాత్రం అంది.

శనివారం పొద్దున్నే విద్యాశాఖ మనిషి వచ్చి, ప్రిన్సిపాల్ గదిలో టీ తాగుతున్నాడు. తూబా తరగతిలోకి వచ్చేసరికి గుమ్మం దగ్గర హాజ్ ఖుద్రత్, వెనక మాహ్‌రుఖ్. ఆయన మూడో కాగితం వైపు చాలాసేపు చూశాడు. మొదటి కాగితం అక్కడ లేనట్టే చూశాడు.

"ఆ మూడోది కాస్త పెద్దది చేసి అంటించండి టీచరమ్మా. దూరానికి కనబడాలి."

"మూడూ ఒకే సైజు హాజీ. ఉంచితే మూడూ ఉంటాయి."

ఆయన పళ్ళు కొరికాడు. కూతురి భుజం మీద చెయ్యి వేసి లోపలికి తోశాడు. "మీ మొహం చూసి పంపడంలేదు. నా గోదాములో తోటలవాళ్ళు నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారు, దాన్నెలా పట్టుకోవాలో ఈ పిల్ల నేర్చుకోవాలి."

"కూర్చో," అంది తూబా, మాహ్‌రుఖ్‌తో.

విద్యాశాఖ మనిషి కాగితం పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. తూబా పేర్లు చదివింది. ఒక్కొక్కరూ హాజర్ అన్నారు, అతను ఒక్కొక్క గీత గీశాడు. పక్కగదిలో సాహిత్యం పిల్లలు పద్యం వల్లిస్తున్నారు. అందులో ఒక గొంతు మిగతావాటికంటే అరక్షణం ముందు పరుగెడుతోంది. తూబా జాబితాలో తాహెరె పేరు ఉండాల్సిన చోట ఒక్కసారి ఆగి, దాటి వెళ్ళింది. పదకొండు గీతలయ్యాయి.

"మాహ్‌రుఖ్."

ఆ పిల్ల బల్లకేసి చూస్తూ అంది. "హాజర్."

పన్నెండో గీత గీసి, సంతకం పెట్టి, అతను వెళ్ళిపోయాడు. ఎవరూ ఊపిరి పీల్చుకున్నట్టు కనబడలేదు. మాహ్‌రుఖ్ పక్క బెంచీ పిల్లలు కొంచెం అవతలికి జరిగి కూర్చున్నారు. తూబా అది చూసింది, జరగొద్దని అనలేదు.

"మీ నాన్న ఇప్పుడెలా తీస్తున్నారు?" అని అడిగింది.

కెర్మాన్ నుంచి ఇనుప గొట్టం తెప్పించారని మాహ్‌రుఖ్ చెప్పింది. బస్తా గుడ్డలోంచి గుచ్చి తీసేది. నిన్న ఇద్దరు తోటలవాళ్ళు దాన్ని చూసి బస్తాలు ఎత్తుకుని వెళ్ళిపోయారు, ఒకడు గోదాము గుమ్మంలో ఉమ్మేశాడు కూడా.

"ఎంత పొడుగు?"

మాహ్‌రుఖ్ రెండు అరచేతులూ మూరెడు ఎడంగా పెట్టి చూపించింది.

"బస్తా అడుగుదాకా పోతుందా?"

మాహ్‌రుఖ్ చేతుల మధ్య ఖాళీని చూసుకుంది. తర్వాత మూల ఉన్న బస్తా ఎత్తు చూసింది. గౌహర్ దాన్ని ఇంకా తీసుకుపోలేదు.

"సగం దాకా, ఖానుమ్."

తూబా బీరువా తెరిచి గోధుమరంగు కాగితం చుట్ట బయటికి తీసింది. "నాలుగోది కత్తిరించు," అంది.